ఆవ ముక్కుకి, మిరప నాలిక్కి

కారం అనగానే అందరూ గుంటూరు వైపు వేలు చూపిస్తారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వంట మాటెత్తితే "మీరు పులుసులో బెల్లం వేస్తారుగా" అని ఓ నవ్వు నవ్వి ఊరుకుంటారు. వేస్తాం, నిజమే. ఆనపకాయ పులుసులో వేస్తాం, గుమ్మడికాయ దప్పళంలో వేస్తాం. అయితే ఆ బెల్లం ముక్క పక్కన ఎన్ని ఎండుమిరపకాయలు పడేవో ఎవరూ లెక్కపెట్టరు. గుప్పెడు మిరపకాయల్ని నోరు మండకుండా కడుపులోకి పంపించే ఉపాయం అది. కారం తగ్గించాలంటే మిరపకాయలు తగ్గించడం ఎవరికైనా తెలుసు. తగ్గించకుండా సరిపెట్టడం మాత్రం మావైపు పొయ్యి దగ్గర పెద్దవాళ్ళకి బాగా తెలిసిన పని. వాళ్ళు కొలతలు నోటితో చెప్పేవారు కాదు, చేత్తో చూపించేవారు. ఆ చేతి కొలతల్ని గ్రాముల్లోకి మార్చి ఇక్కడ పెడుతున్నాం.

సంక్రాంతి వెళ్ళి కనుమ మర్నాటి బద్ధకం వదిలేసరికి వారపు సంతల్లో నిలవ పచ్చడికి పండుమిరపకాయ దిగేది. గోనెపట్టా మీద ఎర్రగా నిగనిగలాడుతూ కుప్పలు. కొనేవాళ్ళ చెయ్యి ముందు కాయ మీదకి కాదు, ముచ్చిక (తొడిమ) మీదకి పోయేది. ముచ్చిక పచ్చగా ఉంటే కాయ నిన్నో మొన్నో కోసింది. నల్లబడి వదులైతే లోపల బూజు మొదలైనట్టే. అనుమానం వస్తే ఒక కాయ విరిచి చూసేవారు. గింజలు లేత పసుపులో ఉండాలి. నల్లటి గింజలున్న కాయ ఒక్కటి కలిసినా జాడీ మొత్తం ముక్కిపోయిన వాసన వస్తుంది.

తెచ్చిన రోజే కడగాలి, అదీ ముచ్చికలతోనే. ముచ్చిక తీసి కడిగితే ఆ కన్నంలోంచి నీళ్ళు కాయ బొజ్జలోకి పోతాయి. పైన గుడ్డతో ఎంత తుడిచినా లోపలి తడి బయటికి రాదు. నెల తిరిగేసరికి పచ్చడి మీద తెల్లటి పొర కట్టిందంటే చాలాసార్లు తప్పు ఈ మెట్టు దగ్గరే జరిగి ఉంటుంది. కడిగిన కాయల్ని పాత నేతచీర మీద నీడలో రాత్రంతా ఆరబోసి, పొద్దున్న ఒక్కొక్కటే పొడిగుడ్డతో తుడిచి, అప్పుడు ముచ్చికలు తీసేవారు. ఎండలో పెట్టకూడదు. ఎండకి తోలు ముడుచుకుని, నూరితే పీచు పీచుగా మిగులుతుంది.

కేజీ కాయలకి పావుకేజీ కొత్త చింతపండు, 200 గ్రాముల రాళ్ళ ఉప్పు, చిన్న చెంచాడు పసుపు. చింతపండులో గింజ, ఈనె, పెంకు ఏదీ ఉండకూడదు. పాత నల్ల చింతపండు వేస్తే పచ్చడి రంగు వారంలో ఇటుక రంగుకి దిగిపోతుంది.

రోట్లో ముందు ఉప్పు పడాలి, దాని మీద కాయలు. రాళ్ళ ఉప్పు గరుకు కాయ తోలుని చీల్చి నీరు లాగుతుంది, దాంతో రోకలి పోటుకి ముక్కలు ఎగిరి మొహాన పడవు. ముందు కాయలు వేసి పైన ఉప్పు చల్లినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ లేచేవారు. దంచడం కూడా కచ్చాపచ్చాగానే. అలా దంచిన తొక్కు సగం జాడీలో వేసి, మధ్యలో చింతపండు ముద్ద దూర్చి, మిగతా సగంతో కప్పి, పైన చేత్తో అదిమి, మూతికి వాసెన గుడ్డ కట్టి మూడు రోజులు కదపకుండా ఉంచేవారు. మూడోనాడు విప్పితే చింతపండు ఆ ఎర్రటి ఊటలో నాని వెన్నలా మెత్తబడి ఉంటుంది. అప్పుడు మళ్ళీ రోట్లో వేసి మెత్తగా నూరాలి. వేయించి పొడి కొట్టిన మెంతులు కేజీకి 25 గ్రాములు ఆ విడతలోనే కలుస్తాయి.

ఈ మూడు రోజుల్లో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. మొదటిరోజే వేలితో నాకి చూసి ఉప్పు చాల్లేదనో, కారం మరీ ఎక్కువైందనో ఏదో ఒకటి కలిపేస్తారు. ఉప్పు ఇంకా కరగలేదు, పులుపు చింతపండులోనే ఉంది, నాలిక్కి తగిలింది ఒట్టి మిరప. ఆ రుచి పట్టుకుని తీర్పు చెబితే మూడోనాటికి ఉప్పు కషాయం తయారవుతుంది. రెండోసారి నూరాక, గుప్పెడు అన్నంలో కలిపి చూస్తేనే అసలు రుచి. వేలి కొసన నాకిన పచ్చడికీ అన్నంలో కలిసిన పచ్చడికీ పోలికే ఉండదు.

మిక్సీ వచ్చాక రెండు ఇబ్బందులు వచ్చాయి. బ్లేడు వేగానికి గింజ పగిలి చేదు దిగుతుంది, తిరిగిన వేడికి కమ్మని పచ్చివాసన పోతుంది. మిక్సీయే గతి అయితే అయిదు సెకన్లు తిప్పి ఆపి, చెంచాతో కలిపి, మళ్ళీ అయిదు సెకన్లు. జారు సగానికి మించి నింపకూడదు. గింజ గింజలాగే కనబడుతున్నంతవరకు ఫరవాలేదు.

పోపు ఏ రోజుకారోజే. పావుకేజీ పచ్చడి తీసుకుంటే మూడు పెద్ద చెంచాల పప్పునూనె (నువ్వులనూనె), అర చెంచా ఆవాలు, పావు చెంచా మెంతులు, రెండు ఎండుమిర్చి, శనగగింజంత ఇంగువ. మెంతులు ఎర్రబడగానే దించాలి. నల్లబడ్డ మెంతి చేదుని చాలామంది కాయ తప్పని అనుకుంటారు. మిరపకాయకి పడిన నిందల్లో సగం మెంతులవే.

మరి అందరి నోళ్ళూ ఒకేలా ఉండవు కదా. చంటిపిల్లలకి, కొత్తగా వచ్చిన అల్లుళ్ళకి, జ్వరపడి లేచినవాళ్ళకి వేరే పాళ్ళు ఉండేవి. కారమంతా గింజల్లో ఉంటుందని చాలామంది గింజలు దులిపేస్తారు. కాయని నిలువునా చీల్చి చూస్తే గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనె కనిపిస్తుంది. మిరప ఘాటుకి పేరుపడ్డ కాప్సైసిన్ ముఖ్యంగా పుట్టేది అందులోనే. గింజకి ఉన్న మంట ఆ ఈనెని రాసుకుని తెచ్చుకున్నదే. కాబట్టి చాకు మొనతో ఈనె గీకేస్తే మంట బాగా దిగుతుంది, రంగూ కండా అలాగే ఉంటాయి. కేజీలో సగం కాయలకి ఇలా చేస్తే ఇంటిల్లిపాదీ తినగలిగే పచ్చడి వస్తుంది. ఇంకో దారి, 700 గ్రాముల మామూలు పండుమిరపకి 300 గ్రాములు పండిన బజ్జీమిరప కలపడం. టమాటా కలిపితే కారం చక్కగా తగ్గుతుంది గానీ నీరు చేరి నిలవ ఉండదు. అది వారం పదిరోజుల్లో తినేయాలి, అదీ ఫ్రిజ్‌లో పెట్టుకుని.

కారం ఎక్కువైందని చింతపండు పెంచేవాళ్ళున్నారు. అది పొయ్యిలో ఎండుకట్టె వెయ్యడమే. పులుపు మంటని ఎగదోస్తుంది. మంటని అణిచేది తీపి, కొవ్వు. అందుకే పులుసులో బెల్లం, పచ్చడన్నంలో పప్పునూనె గానీ నెయ్యి గానీ. పచ్చడి కలిపిన అన్నం మధ్యలో గుంట చేసి నూనె పొయ్యడం చాదస్తంలా కనిపిస్తుంది గానీ, కాప్సైసిన్ నీళ్ళలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. నూనెలో కరిగిన కారం నాలిక మీద ఒకేచోట గుచ్చకుండా పలచగా పరుచుకుంటుంది.

ఇదంతా మిరప సంగతి. మావైపు వంటలో దీనికి జోడుగా ఇంకో ఘాటు ఉంది, మిరప కంటే పాతది. మిరపకాయ అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసు ఓడల మీద మన తీరానికి చేరింది. అంతకు ముందు మన నోటికి తెలిసిన ఘాటు మిరియం, పిప్పలి, అల్లం, ఆవ. వచ్చిన కొత్తకాయకి మిరియం పేరే తగిలించి మిరపకాయ అన్నారంటారు. మిరియాన్ని మిరప పక్కకి నెట్టింది గానీ ఆవని నెట్టలేకపోయింది, ఎందుకంటే ఆ రెండూ వేరువేరు చోట్ల పనిచేస్తాయి. మిరప నాలిక మీద కూర్చుని నిదానంగా మండుతుంది. ఆవ ఆవిరై ముక్కులోకి ఎక్కుతుంది. నషాళానికి అంటింది అంటామే, అది ఆవ చేసే పనే. ఒక్క క్షణం కళ్ళల్లో నీళ్ళు, తర్వాత ఏమీ జరగనట్టే ఉంటుంది. జపాన్‌వాళ్ళు పచ్చిచేపతో నంజుకునే వసాబి ఘాటూ ఇదీ ఒక్కటే.

అరటికాయకి ఆవ, కందకి ఆవ, పనసపొట్టుకి ఆవ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు పనసచెట్లకి లేతకాయ దిగిన రోజుల్లో కవిటి, కంచిలి, సోంపేట వైపు ఏ వీధిలోకి వెళ్ళినా కత్తితో పనస కొట్టే టకటక చప్పుడే వినిపించేది. కొట్టే చేతికి నూనె రాసుకోకపోతే జిగురు రెండు రోజులు వదలదు.

ఆవ పెట్టడంలో కిటుకంతా వేళలోనే ఉంది. అరకేజీ అరటికాయ కూరకి చెంచాన్నర ఆవాలు, రెండు ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు, చిటికెడు పసుపు. ఎండుమిర్చి, ఉప్పు ముందు నూరి, ఆవాలు వేసి, చన్నీళ్ళు చెంచా చెంచాగా చిలకరిస్తూ చిన్న బండ మీద నూరాలి. ఎండు ఆవగింజని కొరికి చూడండి, మొదట ఘాటేమీ ఉండదు. గింజ చితికి నీళ్ళు తగిలాకే లోపలి రెండు పదార్థాలు కలిసి ఆ ఘాటు పుడుతుంది. అందుకే నూరాక అయిదు నుంచి పది నిమిషాలు కదపకుండా ఉంచుతారు. వేడినీళ్ళు పోశారా, ఆ కలయిక జరిపించే ఎంజైము చచ్చిపోతుంది, ఘాటు రాదు, చేదు మిగులుతుంది. చింతపండు పులుసుతో నూరినా అంతే, పులుపు ఆ పనికి అడ్డుపడుతుంది. ముందు నీళ్ళతో ఘాటు పుట్టనిచ్చి, తర్వాత పులుపు కలిస్తే ఇబ్బంది లేదు, పైగా ఘాటు కాస్త నిలబడుతుంది కూడా.

పొయ్యి మీద కూర ఉండగానే ఆవ కలపబోయిన కొత్తకోడలికి పెద్దావిడ కేక ఒకటి వినబడేది. "ఓలమ్మా, దించినాక గానీ ఆవ కలపకే, పొగ తగ్గనీ!" ఆ పొగ తగ్గడమే కొలత. మూకుడు మీద అరచెయ్యి పెడితే ఓర్చుకోగలిగేంత వేడి. ఉడుకుతున్న కూరలో కలిపితే ఘాటంతా ఆవిరైపోయి వీధిలోవాళ్ళకి దక్కుతుంది, ఇంట్లోవాళ్ళకి ఉప్పూ చేదూ మిగులుతాయి. మరీ చల్లారిన కూరలో కలిపితే ఆవ అంటుకోక ముద్దలు ముద్దలుగా మిగిలి ఒక ముద్దకి నషాళం, ఇంకో ముద్దకి చప్పదనం తగులుతాయి.

వీటి పాళ్ళు కుదర్చడంలో ఒక సూత్రం ఉంది. మిరప కారం సగానికి తగ్గించాల్సివచ్చిన ఇంట్లో ఆవ కొద్దిగా పెంచితే కూర చప్పబడినట్టు ఎవరికీ అనిపించదు. ముక్కుకి ఘాటు తగిలితే నోరు లోటు పట్టించుకోదు. కడుపులో మంట ఉన్నవాళ్ళకి ఇలా చేసిపెట్టేవారు. అయితే ఆవ మితిమీరితే తలనొప్పి, అది వేరే కథ.

నాలిక సంగతి ఇంకొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే సరైన కారం ఎంతో తేలేది అక్కడే. మిరప మంట రుచి కాదు, వేడి. వేడినీళ్ళు తగిలితే "కాలింది" అని మెదడుకి కబురంపే గ్రాహకాన్నే కాప్సైసిన్ తడుతుంది. 1997లో దాన్ని పట్టుకున్న శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి. ఆ గ్రాహకం మామూలుగా 43 డిగ్రీల వేడి దగ్గర మేలుకుంటుంది. అంటే పొగలు కక్కే అన్నంలో పచ్చడి కలిపితే అది రెండు వైపులనుంచీ తిట్లు తింటున్నట్టు, అన్నం వేడి ఒకటి, మిరప వేడి ఒకటి.

చద్దన్నం తినేవాళ్ళకి ఇది ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలుసు. రాత్రి నీళ్ళు పోసి ఉంచిన అన్నంలో పొద్దున్నే కాస్త మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ చిదుపుకుని, పచ్చిమిరపకాయ కరకర నమిలేవారు. మధ్యాహ్నం వేడన్నంలో అదే మిరపకాయ సగం తినలేరు. చన్నీళ్ళ చలవ ఒకటైతే, మజ్జిగలోని కేసీన్ అనే మాంసకృత్తు కారాన్ని నాలిక మీదనుంచి ఊడబెరికి తీసుకుపోతుంది. మంచినీళ్ళు ఆ పని చెయ్యలేవు, కారాన్ని నోరంతా పులుముతాయి. చోడి (రాగి) అంబలికి, పులిసిన గంజి తరవాణికి పక్కన అంత కారం నంజుడు చెల్లుబాటయ్యింది ఈ చలవ, పిండి అండ చూసుకునే.

ఇంకో సంగతి, కారం ఆలస్యంగా పైకొస్తుంది. ఉప్పు తగలగానే తెలుస్తుంది, పులుపూ అంతే. మిరప మంట పూర్తిగా ఎక్కడానికి అరనిమిషమో, ఇంకా ఎక్కువో పడుతుంది. రుచి చూసి వెంటనే "చాల్లేదు" అని ఇంకో చెంచా కారం వేసేవాళ్ళ కూరలు అందుకే భగ్గుమంటాయి. గరిటె పక్కన పెట్టి, పొయ్యి సెగ సవరించి, నోరు ఏమంటోందో వినాలి. నాలుగైదు సార్లు వరసగా రుచి చూస్తే నాలిక మొద్దుబారి అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. అప్పుడు ఇంకొకరిని పిలవడమే మంచిది. పెళ్ళిళ్ళ వంటల్లో పులుసు రుచి చూడ్డానికి గాడిపొయ్యి దగ్గర లేని మనిషిని కేకేసి పిలిచేది అందుకే.

ఆవకాయ గురించి రాస్తే ఊరంత అవుతుంది, ఒక్క కొలత మాట చెప్పి వదిలేస్తాం. పూర్వం కారం, ఉప్పు, ఆవపిండి సోలతోనో గిద్దతోనో సమంగా కొలిచేవారు. ఆ లెక్కని ఇప్పుడు తక్కెడలోకి మార్చి మూడూ సమాన బరువు వేస్తే రుచి మారిపోతుంది. సోలెడు మెత్తటి ఉప్పు సోలెడు కారం కంటే బాగా బరువు, సోలెడు రాళ్ళ ఉప్పు మళ్ళీ వేరే బరువు. అచ్చం ఆ సోల రుచి రాకపోయినా, గ్రాముల్లో అయితే కేజీ మామిడిముక్కలకి కారం 200, ఆవపిండి 200, ఉప్పు 180 నుంచి 200, పప్పునూనె 350 దాకా. కారంలో కూడా రకం చూసుకోవాలి. తేజ మిర్చి గుంటూరు సన్నం కంటే బాగా ఘాటు, బ్యాడగి రంగెక్కువ మంట తక్కువ. 200 గ్రాముల్లో 120 సన్నం, 80 బ్యాడగి వేస్తే చూడ్డానికి ఎర్రగా, తినడానికి మెత్తగా ఉంటుంది. అచ్చంగా తేజతో పెట్టిన ఆవకాయ మూడోనాడు కలిపేటప్పుడే కళ్ళు మూయిస్తుంది. అప్పుడు చేయగలిగింది ఒక్కటే, ఇంకో పావుకేజీ ముక్కలు, దానికి తగ్గ ఉప్పు, ఆవపిండి, నూనె చేర్చి కలపడం. నూనె ఒక్కటే పోస్తే నూనె కూడా కారమైపోతుంది తప్ప లాభం లేదు.

ఊరమిరపకాయలకి కేజీ పచ్చిమిర్చి, లీటరున్నర పుల్లటి మజ్జిగ, 100 గ్రాముల ఉప్పు, చెంచాడు వాము. కొస చీల్చిన కాయల్ని రాత్రి మజ్జిగలో, పగలు ఎండలో. మజ్జిగ అయిపోయేదాకా అదే పని.

సాయంకాలాలు మాత్రం వీధివే. విజయనగరం గంటస్తంభం దగ్గర, శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలో బజ్జీల మూకుడు చుట్టూ మూగిన జనం. మిరపకాయ బజ్జీ కారం తేలేది కాయ చీల్చే తీరులోనే. పొట్ట నిలువునా చీల్చి ఈనె లాగేసి, వాము, ఉప్పు, చింతపండు గుజ్జు కలిపిన ముద్ద పూస్తే పిల్లలూ తింటారు. చీల్చకుండా ముంచి వేస్తే మొదటి కొరుకు శనగపిండి కమ్మదనం, రెండోది కంట్లో నీళ్ళు. మురీ (మరమరాల) మిక్స్చర్‌లో అయితే పచ్చిమిర్చి ముక్క ఎంత సన్నగా తరిగితే అంత మంట. తరుగు సన్నమయ్యేకొద్దీ ఈనె ఎక్కువచోట్ల తెగి ప్రతి గుప్పిట్లోకీ వస్తుంది.

తర్వాత్తర్వాత అదే కూడళ్ళలో నూడుల్స్ బళ్ళు దిగాయి, వాటి మీద మూడు సీసాలు. ఎరుపు, ఆకుపచ్చ, నలుపు. ఎర్ర సాసులోనూ ఆకుపచ్చ సాసులోనూ మిరప కంటే సిరకా (వెనిగర్), చక్కెర, చిక్కబరిచే పిండే ఎక్కువ. అందుకే మన నోటికి అవి పుల్లగా, తియ్యగా తగులుతాయి తప్ప మండవు. మంట చాల్లేదని సీసా బోర్లించేస్తే నూడుల్స్ పుల్లగా తడిసిపోతాయి. బండి మనిషి చేసే పని చూడండి. ముందు నూనెలో పచ్చిమిర్చి, వెల్లుల్లి ఎర్రని సెగ మీద వేయించి కారం అక్కడ కుదుర్చుకుంటాడు, సాసు ఆఖర్న రెండు విదిలింపులు, వాసనకి.

సీసా సాసుల కారానికి ఓ కొలబద్ద ఉంది. 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికన్ ఫార్మసిస్టు పెట్టింది. మిరప సారాన్ని చక్కెర నీళ్ళతో పలచన చేసుకుంటూ పోయి, రుచి చూసేవాళ్ళకి ఇక మంట తెలియనంత పలచనైనప్పుడు ఎన్ని రెట్లు కలిపారో అదే దాని అంకె. ఇప్పుడు యంత్రాలతో కాప్సైసిన్ కొలిచి అదే అంకెలోకి మారుస్తున్నారు. అమెరికాలో 1868 నుంచి తయారవుతున్న టబాస్కో సాసు 2,500 నుంచి 5,000 మధ్య ఉంటుంది. మన గుంటూరు సన్నం ఎండుకాయ 35,000 నుంచి 40,000 ప్రాంతం. అంటే సాసు నీరసమైందని కాదు. అక్కడ మిరప ముద్దని ఉప్పుతో ఓక్ పీపాల్లో మూడేళ్ళదాకా ఊరబెట్టి, తర్వాత సిరకాలో కలుపుతారు. అందులో వెతకాల్సింది మంట కంటే ఆ ఊరిన వాసన. ఆమ్లెట్ మీద నాలుగు చుక్కలు వేస్తే తెలుస్తుంది. పప్పన్నంలో వేస్తే ఏమీ తెలియదు.

అలాంటిది పండుమిరపతో ఇంట్లోనే చేసుకోవచ్చు. జాడీ పచ్చడి పెట్టడం వచ్చినవాళ్ళకి కష్టం కాదు, ఒక్క తేడా పట్టుకోవాలి. పచ్చడిలో ఉప్పు పులియనివ్వకుండా కాపలా కాస్తుంది, అందుకే అంత ఎక్కువ. సాసులో పులియాలి, కుళ్ళకూడదు. అందుకు మొత్తం బరువులో 3 శాతం ఉప్పు చాలు. అరకేజీ పండుమిరపకి అర లీటరు కాచి చల్లార్చిన నీళ్ళు, 30 గ్రాముల రాళ్ళ ఉప్పు, ఆరు వెల్లుల్లి రెబ్బలు. కాయల్ని రెండు మూడు ముక్కలు చేసి వెడల్పు మూతి గాజుసీసాలో వేసి, ఉప్పునీళ్ళు పోసి, పైన చిన్న గాజుగిన్నె బరువు పెట్టాలి. ముక్క ఒక్కటి కూడా నీళ్ళ పైకి తేలకూడదు, తేలిన ముక్కే బూజుకి పుట్టిల్లు. సీసాలో పైన మూడు వేళ్ళ ఖాళీ ఉండాలి.

రెండోరోజుకి బుడగలు మొదలవుతాయి. మూత బిగించి మర్చిపోతే ఊరే గాలి సీసాని పగలగొడుతుంది. రోజుకోసారి మూత వదులు చేసి గాలి పోనివ్వాలి. మన ఎండల్లో వారం చాలు, చలికాలమైతే పది పన్నెండు రోజులు. నీళ్ళు మబ్బుగా మారి, ఆవకాయ ఊట లాంటి పుల్లటి వాసన రావాలి. పైన పలచగా, చదునుగా తెల్లటి పొర కడితే అది ఈస్టు, చెంచాతో తీసేస్తే సరి. నూగు నూగుగా నల్లగానో, పచ్చగానో, గులాబీ రంగులోనో కనిపిస్తే మొత్తం పారబోయడమే. పైన తీసేసి కింద వాడుకుందామన్న పొదుపు ఇక్కడ పనికిరాదు.

ఊరాక ముక్కల్ని వడకట్టి, 100 మిల్లీలీటర్ల ఆ ఊటనీళ్ళు, 100 మిల్లీలీటర్ల సిరకా, చెంచాడు బెల్లం తురుము వేసి మెత్తగా తిప్పాలి. ఊటనీళ్ళు మొత్తం పోసేస్తే ఉప్పు కషాయం. అలాగని పారబోయొద్దు, పప్పుచారులో ఉప్పుకి బదులు వాడుకోవచ్చు. తర్వాత జల్లెడలో గరిటెతో రాస్తూ వడకడితే చిక్కటి రసం దిగుతుంది. పులుపు కొలిచే పీహెచ్ కాగితం దొరికితే ముంచి చూడండి, 4 కంటే తక్కువ ఉండాలి. ఎక్కువ చూపిస్తే ఇంకో రెండు చెంచాల సిరకా. ఆ రసాన్ని సన్నసెగ మీద పొంగు రాకుండా అయిదు నిమిషాలు వేడి చేసి చల్లార్చి సీసాలో పోస్తే పులియడం ఆగుతుంది. ఈ వేడి చేసేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి, పసిపిల్లల్ని ఆ దరిదాపుల్లోకి రానివ్వకండి. మిరప, సిరకా కలిసిన ఆవిరి గొంతు పట్టేస్తుంది.

కారం ఎక్కువనిపిస్తే మొదట్లోనే ఈనె తీసిన కాయలు కలపడం ఉత్తమం. చేసేశాక తెలిస్తే ఆవిరి మీద ఉడికించిన క్యారెట్ ఒకటి మెత్తగా నూరి కలపండి, తీపీ చిక్కదనమూ రెండూ వస్తాయి. అప్పుడు పీహెచ్ మళ్ళీ చూసుకోవాలి, సీసా ఫ్రిజ్‌లోనే ఉంచాలి.

చేతులు మండితే ముందు నూనె రాసి రుద్ది, తర్వాత సబ్బుతో కడగాలి. ఒట్టి నీళ్ళతో కడిగితే మంట మణికట్టు దాకా పాకుతుంది.

జల్లెడలో మిగిలిన తొక్కూ గింజా చాలామంది పారేస్తారు. పళ్ళెంలో పలచగా పరిచి రెండు ఎండలు తగలనిస్తే పెళపెళలాడుతుంది. దాన్ని చెంచాడు వేయించిన జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలతో కలిపి పొడి కొట్టండి. ఉప్పు అందులో ఉన్నదే చాలు. పుల్లగా, ఎర్రగా, మెత్తటి మంటతో ఉంటుంది. చద్దన్నంలోకి ఉల్లిపాయ పక్కన ఆ పొడి చిటికెడు చాలు, రెండో చిటికెడు వేసుకునే ముందు అరనిమిషం ఆగండి.